పెద్ద అక్షరం ఎవరికి?

సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ ఖిలా వరంగల్, దాని చుట్టుపక్కల పేటల నుంచి వచ్చినవే. ప్రశ్నలు వేరైనా విషయం ఒకటే. ఇంగ్లిష్‌లో ప్రాపర్ నౌన్‌ని, అంటే సంజ్ఞానామవాచకాన్ని ఎలా గుర్తుపట్టాలి? క్యాపిటల్ లెటర్ ఎక్కడ పెట్టాలి? తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఇంట్లో ఇంగ్లిష్ చదివినవాళ్లు లేని పిల్లలకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. అందుకే శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాం. ఇంగ్లిష్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాం. ‘పెద్ద అక్షరం’ అంటే క్యాపిటల్, ‘చిన్న అక్షరం’ అంటే స్మాల్ అని చదువుకోండి.

సందేహం: మా బిడ్డ ఆరో తరగతి. కోట చూసొచ్చి ఇంగ్లిష్‌లో వ్యాసం రాసింది. మొదట ‘వరంగల్ ఫోర్ట్’ అన్నచోట ఎఫ్ పెద్దగా రాసింది. తర్వాత ‘ద ఫోర్ట్’ అన్నచోట చిన్నగా రాసింది. రెండోదానికి బడిలో ఎర్రగీత పడింది. కోట ఒక్కటే కదా సార్, రెండుచోట్లా పెద్దదే ఉండాలా?
- ఒక తల్లి, ఖిలా వరంగల్

సమాధానం: మీ బిడ్డ రాసిందే సరైనదమ్మా. ఆ ఎర్రగీత అక్కర్లేదు.

‘మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, వస్తువుల పేర్లు’ అని పిల్లలు బట్టీపట్టే నిర్వచనం అన్ని నామవాచకాలకూ వర్తిస్తుంది. బల్ల కూడా వస్తువు పేరే కదా! ఆ నిర్వచనంతో పెద్ద అక్షరం ఎక్కడ పెట్టాలో తేలదు. తేల్చే ప్రశ్న వేరే ఉంది. ఈ మాట ఒక్కదానికే పెట్టిన పేరా, లేక ఆ జాతికంతటికీ చెల్లే మాటా?

‘వరంగల్ ఫోర్ట్’లో రెండు మాటలూ కలిసి ఒకే ఒక్క కోటకు పేరు. కాబట్టి డబ్ల్యూ, ఎఫ్ రెండూ పెద్దవి. ‘ద ఫోర్ట్’ అన్నప్పుడు ఫోర్ట్ అనేది ఉత్త జాతివాచకం. గోల్కొండకూ చెల్లుతుంది, భువనగిరికీ చెల్లుతుంది. ఏ కోట గురించి చెబుతున్నామో చదివేవారికి తెలుస్తూనే ఉంటుంది. అంతమాత్రాన ఆ మాట పేరైపోదు. చాలామంది పెద్దలు కూడా తడబడేది ఇక్కడే. ముందున్న ‘ద’ వాక్యం మధ్యలో వస్తే దానికీ చిన్న అక్షరమే.

ఇదే ప్రశ్న హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర వేసి చూడండి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిని ఇంగ్లిష్‌లో ‘థౌజండ్ పిల్లర్ టెంపుల్’ అంటాం. వేయి, స్తంభం, గుడి మూడూ మామూలు మాటలే. మూడూ కలిసి ఒక గుడికి పేరయ్యాయి కాబట్టి మూడింటికీ పెద్ద అక్షరాలు. ‘ఎ టెంపుల్ విత్ ఎ థౌజండ్ పిల్లర్స్’ అంటే అది వర్ణన. అప్పుడు అన్నీ చిన్నవే.

చెరువుల సంగతీ అంతే. ‘భద్రకాళి లేక్’లో ఎల్ పెద్దది, తర్వాత ‘ద లేక్’ అంటే చిన్నది. ‘భద్రకాళి అండ్ పాఖాల లేక్స్’ అని రెంటినీ కలిపి చెప్పినప్పుడు ఎల్ చిన్నగా రాసేవాళ్లూ ఉన్నారు, పెద్దగా రాసేవాళ్లూ ఉన్నారు. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా దాన్నే పాటిస్తే చాలు. ‘ఖిలా వరంగల్’ మాత్రం మీ ఊరికి, మండలానికి పేరు. అందులో కె, డబ్ల్యూ రెండూ ఎప్పుడూ పెద్దవే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. గీత కొట్టేముందు ‘ఇక్కడ చిన్నది ఎందుకు రాశావు?’ అని పిల్లల్ని అడగండి. కారణం చెప్పగలిగిన బిడ్డకు నియమం వచ్చినట్టే.

సందేహం: కోటకు వచ్చే పర్యాటకుల కోసం ఒక కరపత్రం రాస్తున్నాను. కింగ్, క్వీన్, డైనాస్టీ, మహల్, తోరణం... ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియక అన్నీ పెద్దవే పెట్టాను. తప్పా?
- ఒక డిగ్రీ విద్యార్థి, రంగశాయిపేట

సమాధానం: అన్నిటికీ పెద్ద అక్షరం పెడితే ఏది పేరో చదివేవారికి తెలియదు. పెట్టిన ప్రయోజనమే పోతుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

బిరుదు పేరుకు ముందు అతుక్కుని వస్తే పేరులో భాగమవుతుంది. ‘కింగ్ గణపతిదేవ’, ‘క్వీన్ రుద్రమదేవి’ అన్నప్పుడు కె, క్యూ పెద్దవి. ‘గణపతిదేవ, ద కింగ్ హూ రూల్డ్ ఫ్రమ్ 1199 టు 1262’ అని విడిగా వస్తే కింగ్‌కు చిన్న కె. ‘ద క్వీన్’ కూడా అంతే. గౌరవం తగ్గుతుందేమోనని భయపడవద్దు. రాణి మీద గౌరవం మీరు రాసే విషయంలో కనిపిస్తుంది, అక్షరం ఎత్తులో కాదు.

‘కాకతీయ డైనాస్టీ’లో కె పెద్దది. డైనాస్టీకి డి చిన్నగా రాయడమే నేటి చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి. ‘కాకతీయ ఆర్కిటెక్చర్’, ‘కాకతీయ స్కల్ప్చర్’ అన్నప్పుడు కాకతీయ విశేషణంగా నిలిచినా పెద్ద అక్షరం పోదు. పక్కనున్న మాట చిన్నదే.

‘ఖుష్ మహల్’ ఒక కట్టడం పేరు, రెండూ పెద్దవి. ‘కాకతీయ కళాతోరణం’ పేరుగా స్థిరపడింది, అన్నీ పెద్దవి. ‘ఫోర్ తోరణమ్స్ స్టాండ్ హియర్’ అంటే అది జాతివాచకం, టి చిన్నది. మట్టికోట, రాతికోట గోడల్ని ‘మడ్ వాల్’, ‘స్టోన్ వాల్’ అంటారు. అవి దేనితో కట్టారో చెప్పే వర్ణనలు, చిన్న అక్షరాలు చాలు. కోటలోని స్వయంభూ ఆలయం గురించి రాసేటప్పుడు ‘లార్డ్ శివ’లో ఎల్ పెద్దది. ‘ద గాడ్ శివ’లో జి చిన్నది.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతికి చిక్కాక ఊరిని ‘సుల్తాన్‌పూర్’ అన్నారు. ఆ పేరు నిలవలేదు. అయినా కరపత్రంలో రాస్తే ఎస్ పెద్దదే. వాడుకలో లేకపోయినా పేరు పేరే.

రామప్ప గుడి ప్రస్తావన ఉంటే ఒక జాగ్రత్త. 2021 జూలైలో ప్రపంచ వారసత్వ జాబితాలో అది ‘కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) టెంపుల్, తెలంగాణ’గా చేరింది. అధికారిక నామాన్ని ఉన్నదున్నట్టు, ఐదు మాటలకూ పెద్ద అక్షరాలతో రాయండి. తర్వాతి వాక్యాల్లో ‘ద టెంపుల్’ అని చిన్న అక్షరం వాడండి.

సందేహం: ఈస్ట్, వెస్ట్ వంటి దిక్కులు ఎప్పుడు పెద్దవి, ఎప్పుడు చిన్నవి? మా నియోజకవర్గం ‘వరంగల్ ఈస్ట్’లో పెద్దదిగా చూశాను.
- ఒక ఇంటర్ విద్యార్థిని, శివనగర్

సమాధానం: నీ ఉదాహరణలోనే జవాబుంది. ‘వరంగల్ ఈస్ట్’ ఒక నియోజకవర్గానికి పెట్టిన పేరు, కాబట్టి ఇ పెద్దది. ‘వరంగల్ స్టేషన్ ఈజ్ ఈస్ట్ ఆఫ్ కాజీపేట’ అన్నప్పుడు ఈస్ట్ ఎటువైపో చెబుతోంది, కాబట్టి చిన్నది. కోట నడుమ ఆలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా ఉన్న తోరణాల్లో ఒకదాన్ని ‘ద ఈస్టర్న్ గేట్‌వే’ అంటే అదీ దిక్కే, చిన్న అక్షరాలే. ‘సౌత్ ఇండియా’ ఒక ప్రాంతానికి స్థిరపడిన పేరు, ఎస్ పెద్దది. ‘వియ్ ట్రావెల్డ్ సౌత్’లో చిన్నది.

సందేహం: సార్, మార్చ్, మే పెద్ద అక్షరాలైతే సమ్మర్ ఎందుకు చిన్నది? తెలుగు పెద్దదైతే మ్యాథమెటిక్స్ ఎందుకు చిన్నది? ఐ ఎందుకు ఎప్పుడూ పెద్దదే?
- ఎనిమిదో తరగతి విద్యార్థి, కరీమాబాద్

సమాధానం: మంచి ప్రశ్నలు వేశావు. వారాలకు, నెలలకు, పండుగలకు ఇంగ్లిష్‌వాళ్లు పేర్ల హోదా ఇచ్చారు. మండే, జూన్, బతుకమ్మ, ఉగాది, రంజాన్ అన్నీ పెద్ద అక్షరాలతోనే. సమ్మర్, వింటర్ వంటి రుతువులకు ఆ హోదా ఇవ్వలేదు. ఇది వాడుక వల్ల వచ్చిన అలవాటు. తర్కం వెతకకుండా గుర్తుపెట్టుకో.

మే, మార్చ్ దగ్గర అక్షరం అర్థాన్నే మార్చేస్తుంది. ఎం పెద్దదైతే మే నెల, చిన్నదైతే ‘కావచ్చు’. పెద్దదైతే మార్చి నెల, చిన్నదైతే కవాతు.

భాషల పేర్లన్నీ సంజ్ఞావాచకాలు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్, హిందీ ఎక్కడ వచ్చినా పెద్దవే. మ్యాథమెటిక్స్, ఫిజిక్స్, హిస్టరీ చదివే విషయాలను చెప్పే మామూలు మాటలు, వాక్యంలో చిన్నవి. టైమ్‌టేబుల్‌లోనో ప్రశ్నపత్రం మీదో శీర్షికగా వస్తే మాత్రం పెద్దవి.

ఇంట్లోవాళ్ల వరసలకూ ఒక నియమం ఉంది. ‘మై మదర్’ అంటే ఎం చిన్నది, ఎందుకంటే ముందు ‘మై’ ఉంది. పేరు బదులు నేరుగా ‘మదర్’ అని పిలిస్తే పెద్దది. ‘మై అమ్మమ్మ’, ‘అమ్మమ్మ’ అని రాసినా ఇదే లెక్క.

ఐ ప్రాపర్ నౌన్ కాదు, సర్వనామం. హీ, షీ, యు చిన్నవిగా ఉండి ఐ ఒక్కటే పెద్దదిగా ఉండటం ఇంగ్లిష్‌లో పాతుకుపోయిన వాడుక.

సందేహం: ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే సరుకు వివరాలతో ఇంగ్లిష్ బోర్డు రాయించాలి. మిర్చి రకాలు, పప్పుల పేర్లు ఎలా రాయాలి?
- ఒక వ్యాపారి, వరంగల్

సమాధానం: పంట పేరు జాతివాచకం. చిల్లీ, కాటన్, టర్మరిక్, మెయిజ్ అన్నీ వాక్యంలో చిన్న అక్షరాలే. రకానికి పెట్టిన పేరు పెద్దది. కాబట్టి ‘తేజ చిల్లీ’లో టి పెద్దది, సి చిన్నది. శనగలను ‘బెంగాల్ గ్రామ్’ అంటారు. బెంగాల్ ఒక ప్రాంతం పేరు కనుక బి పెద్దది, గ్రామ్‌కు జి చిన్నది.

భౌగోళిక గుర్తింపు పొందిన సరుకుకు నమోదైన పేరు ఉంటుంది. 2018లో గుర్తింపు పొందిన ‘వరంగల్ డర్రీస్’ని, ఆ తర్వాత గుర్తింపు వచ్చిన ‘వరంగల్ చపాట చిల్లీ’ని నమోదైన పేరుగా చెప్పేటప్పుడు ప్రతి మాటకూ పెద్ద అక్షరం ఇవ్వండి. ఇంట్లో పరిచిన జంపఖానాను ‘ఎ డర్రీ’ అంటే చిన్నదే.

మందుల షాపుల్లోనూ ఇదే లెక్క. కంపెనీ పెట్టిన బ్రాండు పేరు పెద్దది, పారాసిటమాల్ వంటి మందు పేరు చిన్నది. ఇక బోర్డు మీద మొత్తం పెద్ద అక్షరాలే వాడదలిస్తే ఈ తేడాలేవీ ఉండవు. అదీ తప్పు కాదు.

సందేహం: మా అబ్బాయి వరంగల్ అని సరిగానే రాస్తాడు. కానీ డబ్ల్యూ పెద్దదో చిన్నదో తెలియడం లేదని మార్కు తగ్గిస్తున్నారు.
- ఒక తండ్రి, మట్టెవాడ

సమాధానం: ఇది వ్యాకరణం కాదు, చేతిరాత సమస్య. సి, ఓ, ఎస్, వి, డబ్ల్యూ, ఎక్స్, జెడ్ అక్షరాలకు పెద్దదానికీ చిన్నదానికీ ఆకారం ఒకటే. ఎత్తు మాత్రమే తేడా. మన ఊరి పేరు వీటిలో ఒకదానితో మొదలవుతుంది కనుక ఇక్కడి పిల్లలకు ఈ ఇబ్బంది ఎక్కువ.

నాలుగు గీతల నోట్‌బుక్ తీయించండి. పెద్ద డబ్ల్యూ మొదటి గీత నుంచి మూడో గీత దాకా రావాలి. చిన్నది రెండో, మూడో గీతల మధ్యే ఉండాలి. ప్రతాపరుద్రుడి పి విషయంలో పెద్దది మూడో గీత దగ్గర ఆగాలి, చిన్నది నాలుగో గీత దాకా దిగాలి. ఖిలాలోని కె రెండు రూపాల్లోనూ మొదటి గీత నుంచే మొదలవుతుంది. చిన్న కెకు పక్క చేతులు రెండో గీత పైకి పోకూడదు. రోజూ ఒక వరుస వరంగల్, ఒక వరుస ఖిలా రాయిస్తే చేయి కుదురుకుంటుంది.

సందేహం: ఉద్యోగ దరఖాస్తులో కాలేజీ, డిగ్రీ, అధికారి హోదా ఎలా రాయాలి?
- ఒక నిరుద్యోగి, ఖిలా వరంగల్

సమాధానం: సంస్థ పూర్తి పేరులో ముఖ్యమైన మాటలన్నిటికీ పెద్ద అక్షరం, మధ్యలో వచ్చే ‘ఆఫ్’, ‘అండ్’, ‘ద’లకు చిన్నది. ‘నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ’లో ఆఫ్ ఒక్కటే చిన్నది. 1959లో వరంగల్‌లో మొదలైన ఆ సంస్థకు 2002 దాకా ‘రీజనల్ ఇంజినీరింగ్ కాలేజ్’ అని పేరు. ఆ రోజుల్లో చదివినవారు సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే పెద్ద అక్షరాలతో రాయాలి. 1976లో ఏర్పడ్డ ‘కాకతీయ యూనివర్సిటీ’లో రెండూ పెద్దవి. ‘ఐ స్టడీడ్ ఎట్ ఎ యూనివర్సిటీ’ అంటే చిన్నది.

‘బ్యాచిలర్ ఆఫ్ సైన్స్’ అని డిగ్రీ పూర్తి పేరు రాస్తే బి, ఎస్ పెద్దవి. ‘ఎ బ్యాచిలర్స్ డిగ్రీ’ అంటే చిన్నవి. చిరునామాలో ‘ద డిస్ట్రిక్ట్ కలెక్టర్’ అని రాస్తే మూడూ పెద్దవే, ఎందుకంటే అక్కడ హోదాయే పేరుగా నిలుస్తుంది. ఉత్తరం మొదట్లో ‘రెస్పెక్టెడ్ సర్’లో ఆర్, ఎస్ రెండూ పెద్దవి. చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’లో వై మాత్రమే పెద్దది. జిల్లాకు ఇప్పటి పేరే రాయండి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి.

సందేహం: తెలుగులో ఈ పెద్ద, చిన్న గొడవ లేదు కదా. ఇంగ్లిష్‌కే ఎందుకు?
- ఒక విశ్రాంత ఉద్యోగి, శివనగర్

సమాధానం: రోమన్లు రాళ్ల మీద చెక్కినవి పెద్ద అక్షరాలే. తర్వాత శతాబ్దాలపాటు లేఖకులు చేత్తో వేగంగా రాస్తూ రాస్తూ చిన్న రూపాలు పుట్టాయి. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో ఐరోపాలో షార్లమేన్ చక్రవర్తి రాజ్యంలో అవి ఒక తీరుకు వచ్చాయి. కాలక్రమంలో రెండు రూపాలూ ఒకే లిపిలో కలిసి, పెద్దది ప్రత్యేకతకు గుర్తయింది. ఎక్కడ వాడాలన్నది కాలాన్ని బట్టి మారింది. 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాతప్రతిలో మామూలు నామవాచకాలకు కూడా పెద్ద అక్షరాలు విరివిగా కనిపిస్తాయి. జర్మన్‌లో ఈనాటికీ ప్రతి నామవాచకం పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది.

మన లిపికి ఈ రెండు రూపాలు లేవు. కాకతీయుల తెలుగు శాసనాల్లో రాజు పేరూ, ఆయన తవ్వించిన చెరువూ ఒకే కొలత అక్షరాల్లో ఉంటాయి. ఏది పేరో సందర్భమే చెబుతుంది. అది లోపం కాదు, వేరే పద్ధతి.

కాబట్టి ఇంగ్లిష్ రాసే తెలుగు బిడ్డ మాతృభాషలో ఎన్నడూ చేయని పని ఒకటి ప్రతి నామవాచకం దగ్గరా చేయాలి. ఆగి, ఇది పేరా, జాతా అని తేల్చుకోవాలి. అది తెలివితక్కువతనం వల్ల వచ్చే ఆలస్యం కాదు, కొత్త ఆలోచనకు పట్టే సమయం. ఇంట్లో పెద్దలూ, బడిలో ఉపాధ్యాయులూ ఆ సమయం ఇవ్వాలి. నియమాల చిట్టా అప్పజెప్పించడానికి బదులు రోజుకు ఐదు మాటలు ఇచ్చి, ఒక్కోదానికి కారణం చెప్పించండి. అలా చెప్పడం అలవాటైతే పుస్తకంలో లేని కొత్త మాట ఎదురైనా బిడ్డ తడబడదు.