ఒకే మొదటి అక్షరం, ఒకే పొడవు

ఒకే అక్షరంతో మొదలై, అక్షరాల సంఖ్యలోనూ సమానమైన ఇంగ్లిష్ పదాల్లో అడాప్ట్ జంట ముఖ్యమైనది. రెండింటికీ 5 అక్షరాలే. తెలుగు లిపిలో తేడా కనిపించదు. మధ్యలో 'ఏ' ఉంటే పరిస్థితికి తగ్గట్టు మారడం, 'ఓ' ఉంటే దత్తత తీసుకోవడం. అక్కడే 'ఈ' వస్తే అడెప్ట్, అంటే నేర్పరి. 10 అక్షరాల స్టేషనరీలో చివరి 'ఆర్'కు ముందు 'ఏ' ఉంటే కదలనిది, 'ఈ' ఉంటే రాతసామగ్రి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది 9 అక్షరాల జంట: ప్రిస్క్రైబ్ అంటే నిర్దేశించడం, ప్రోస్క్రైబ్ అంటే నిషేధించడం. హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్-1 మెయిన్స్‌కు చదివేవారికి ఈ తేడాలు అవసరం. జనరల్ ఇంగ్లిష్ మార్కులు ర్యాంకుకు కలవకున్నా, అందులో అర్హత తప్పనిసరి. అర్థాలను విడిగా బట్టీ పట్టడం కన్నా, మారిన అక్షరాన్ని గుర్తించి సొంత వాక్యం రాసుకోవడమే మేలు.