నల్లమల కావలివారు

ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము చేరి, దిగువ కోవెల దాటి ఎగువ కోవెలకు పోవువారు చెట్లనీడలలో భవనాశిని గలగలలు వినుచు నడతురు. కర్నూలు, కడప సీమల మెట్టపొలముల నెండలోబడి వచ్చిన యాత్రికునకు ఆ చల్లదనము వింతగా తోచును. వానలు తక్కువైన ఈ నేలపై పడిన నాలుగు చినుకులను పారిపోనీయక పట్టి నిలుపునది నల్లమల యడవియే.

ఈ యడవికి చెంచులు తొలి కాపులు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడినాడని కథ. కనుక చెంచులు స్వామిని తమ యింటి అల్లునిగా భావింతురు. నేడును వారి బిడ్డలు అనేకులు ఈ కొండలకు కావలి కాయుచున్నారు.

నల్లమలలోని నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యము దేశములోని మిక్కిలి విశాలమైన వానిలో నొకటి. దాని నడిమి భాగమే 2,595 చదరపు కిలోమీటర్లకు పైబడియున్నది. ఇట్టి యడవిని బీట్లుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక ఉద్యోగిని నియమింతురు. లోతట్టున బేస్ క్యాంపులు కలవు. అందు దినకూలిపై పనిచేయువారు తెల్లవారక మునుపే బయలుదేరి, వేటగాండ్రు పన్నిన ఉచ్చులను తీసివేయుదురు. నీటియొడ్డున పులి యడుగుల జాడ చూతురు. వేసవిలో మృగములకై తొట్లలో నీరు నింపుదురు. అన్నిటికంటె కష్టమైనది నిప్పు పని. ఎండుటాకులను ఊడ్చి, గడ్డి తొలగించి, మంట దాటిరాకుండ పొడవైన బాటలు తీర్తురు. వీనిని ఫైరులైన్లందురు. ఊడ్చిన మరునాడే గాలి మరల ఆకులు రాల్చును. మరల ఊడ్వవలెను.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున, ఒక మాఘమాసమున, ఎనిమిదవ తరగతి బాలురతో ఎగువ అహోబిలమునకు పోతిని. మాలో నొకరు (బాలుడు కాదు, ఉపాధ్యాయుడే!) చుట్టముక్కను త్రోవప్రక్కన పారవేసిరి. వెనుక వచ్చుచున్న ఒక చెంచు కావలివాడు దానిని కాలితో నలిపి, మట్టి కప్పి, నెమ్మదిగా “అయ్యవారూ, కొండ కాలేదానికి ఇది చాలు” అనెను. మేము తల వంచుకొని నడచితిమి.

ఇట్టివాని కూలి యెక్కడనుండి వచ్చును? శాసనసభ ఆమోదించిన పద్దులనుండి. 1976లో జరిగిన రాజ్యాంగ సవరణవలన అడవులు ఉమ్మడి జాబితాలోనికి వచ్చినవి. కనుక కేంద్రమునకును రాష్ట్రమునకును బాధ్యత కలదు. పులుల సంరక్షణ పథకములో ఏటేట చేయవలసిన వ్యయమును మన రాష్ట్రమును కేంద్రమును సగముసగముగా భరించును. ఒకరు తమ పాలు ఆలస్యము చేసినచో పని కుంటుపడును.

ఇచట ఒక చిక్కున్నది. ప్రభుత్వపు లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును. అడవికి నిప్పు భయము ఫిబ్రవరి మొదలు వేసవి తుద వరకు. పాత సంవత్సరపు సొమ్ము అడుగంటు దినములును, క్రొత్త సంవత్సరపు సొమ్ము ఇంకను చేతికందని దినములును సరిగా ఆకు ఎండిన వేళకే వచ్చును. పంచాంగము నెరిగిన రైతు విత్తనమును పదును తప్పిన పిమ్మట కొనునా?

చట్టము చేసి, కావలి మరచిన దేశములు లేకపోలేదు. అమెరికావారు 1872లో యెల్లోస్టోన్‌ను జాతీయవనముగా ప్రకటించిరి గాని, దాని మొదటి అధికారికి జీతమే యీయలేదు. వేటగాండ్రు యథేచ్ఛగా మృగములను చంపిరి. 1886లో వారి శాసనసభ నిధులు నిరాకరింపగా, సైన్యమును దింపవలసి వచ్చెను. అంత దూరమేల? రాజస్థానములోని సరిస్కా 1978 నుండి పులుల అభయారణ్యము. 2005 నాటికి అందు ఒక్క పులియు మిగులలేదని తేలినది. పటములోని గీత అట్లే యుండెను.

కరవుసీమలో మనుష్యులకే నీరు చాలకుండగా పులికి కాపలా యేల యని అడుగువారు కలరు. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. అయితే గుండ్లకమ్మ నది పుట్టినది ఈ నల్లమలలోని గుండ్ల బ్రహ్మేశ్వరము వద్దనే. అది ప్రకాశము జిల్లా పొలములను తడుపుచు సముద్రమున కలియును. కొండ కాలి, బోడియై, మట్టి కొట్టుకొనిపోయినచో ఆ యేటికి వేసవి ఊట యెక్కడిది? పులికి కాచిన కావలి రైతు నీటికిని కాచినట్లే. పైగా ఆ కూలి చేరునది అడవినడుమ చెంచు గుడిసెకు.

కావున శాసనసభ్యులను మనము కోరదగినది గొప్ప వరమేమియు కాదు. ఖాళీలు నింపవలెను. ఇతర వ్యయములు తగ్గించునపుడు కావలివారి కూలిని ముట్టరాదు. ఆ సొమ్ము మాఘమాసమునకు ముందే బేస్ క్యాంపు చేరవలెను. మీకు ఓటు లేకపోయినను ఉత్తరము వ్రాయుట తెలియును గదా. బడ్జెటు సమావేశములకు ముందు మీ నియోజకవర్గపు సభ్యునికి వినయముగా ఒక ఉత్తరము వ్రాయుడు. నల్లమల కావలివారి కూలి ఏ పద్దులో నున్నదో, క్రిందటి యేటికంటె హెచ్చినదో తగ్గినదో, ఏ నెలలో ముట్టునో అందులో అడుగుడు.