లాగడం సరే, ఆపేదెవరు?

ప్రశ్న: డాలస్ నుంచి డెన్వర్‌కి ఇల్లు మారుతున్నాం. నలుగురం హైలాండర్‌లో వెళ్తూ, వెనకాల అద్దె ట్రైలర్ మీద కామ్రీని పెట్టి లాక్కెళ్దామని ఆలోచన. బ్రేక్ కంట్రోలర్ బిగించుకోవాలా? ఆఫీసులో తలో మాటా చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: కంట్రోలర్ అక్కర్లేదండీ. యూ-హాల్‌ వాళ్ళు అద్దెకిచ్చే కారు ట్రైలర్‌కి సర్జ్ బ్రేకులుంటాయి. మీరు బ్రేక్ తొక్కగానే వెనకున్న బరువు ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుడుకి హిచ్ దగ్గరి కప్లర్ కాస్త లోపలికి జరిగి మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది, ట్రైలర్ చక్రాలకి బ్రేకు పడుతుంది. కరెంటు కావాల్సింది లైట్లకే. దానికి 4 పిన్నుల ప్లగ్గు చాలు.

మీరు అడగనిది ఒకటుంది, బరువు. ఆ ట్రైలర్ ఖాళీగానే 2,210 పౌండ్లు. కామ్రీ సుమారు 3,300 పౌండ్లు ఉంటుంది. రెండూ కలిస్తే దాదాపు 5,500. ఈ మధ్య వచ్చిన గ్యాస్ హైలాండర్‌కి కంపెనీ ఇచ్చిన గరిష్ఠం 5,000; హైబ్రిడ్ అయితే 3,500. ఇక మన సంగతి తెలిసిందేగా, కామ్రీ డిక్కీ ఖాళీగా కనిపిస్తే వెట్ గ్రైండరూ సోనా మసూరి బస్తాలూ అందులోకే పోతాయి. ట్రైలర్‌కి ఎంత మంచి బ్రేకులున్నా ఈ లెక్క మారదు.

ముందు చక్రాలు మాత్రమే పైకెక్కే టో డాలీ చాలా తేలిక. అయితే కామ్రీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయి ఉండాలి, ఆల్ వీల్ డ్రైవ్ అయితే ఆ ఊసే వద్దు. డాలీల్లో బ్రేకులున్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి, అడిగి మరీ తీసుకోండి. మీరు అమరిల్లో మీదుగా వెళ్తే రాటన్ పాస్ దాటాలి. ఎత్తు 7,834 అడుగులు. ఎక్కేటప్పుడు ఇంజిన్ రొప్పుతుందంతే, అసలు పరీక్ష అవతల ట్రినిడాడ్ వైపు దిగేటప్పుడు. కిందిదాకా బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. దిగుడు మొదలవకముందే తక్కువ గేర్‌లోకి రండి. నన్నడిగితే మాత్రం, మీలో ఇద్దరికి లైసెన్సుంటే రెండు కార్లూ నడుపుకుంటూ పోవడమే మేలు.

ప్రశ్న: మాకు టాహో ఉంది. రెండు ఇరుసుల కార్ ట్రైలర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయన్నారు. 7 పిన్నుల ప్లగ్గు పెడితే లైట్లన్నీ వెలుగుతున్నాయి కానీ బ్రేకు పడటం లేదు. అమ్మినాయన మోసం చేశాడా?
– ఒక పాఠకుడు, కేటీ, టెక్సస్

జవాబు: పాపం, ఆయన్ని అప్పుడే అనకండి. 7 పిన్నుల సాకెట్ కరెంటు వెళ్ళే దారి మాత్రమే. ఆ దారిన ఎంత కరెంటు పంపాలో తేల్చేది కంట్రోలర్. టాహోలో అది కంపెనీ నుంచే వచ్చి ఉంటే డాష్‌బోర్డు మీద ట్రైలర్ బ్రేక్ మీట కనిపిస్తుంది. లేదంటే విడిగా కొని బిగించుకోవాలి.

కంట్రోలర్లు రెండు రకాలు. టైమ్ డిలే రకం చవక. మీరు మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా దానికొకటే, ముందు పెట్టిన లెక్క ప్రకారం కరెంటు పెంచుకుంటూ పోతుంది. ప్రపోర్షనల్ రకం బండి ఎంత జోరుగా నెమ్మదిస్తోందో కనిపెట్టి దానికి తగ్గట్టు పంపుతుంది. కారంత బరువు లాగేవాళ్ళు రెండోదే కొనాలి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

బిగించాక గెయిన్, అంటే ట్రైలర్ బ్రేకులకి పంపే కరెంటు మోతాదు, సరిచూసుకోవాలి. కారుని ట్రైలర్ మీదికి ఎక్కించే చూడండి, ఖాళీ ట్రైలర్‌తో చూసింది బరువుకి చాలదు. ఖాళీగా ఉన్న చదునైన పార్కింగ్ స్థలంలో 20–25 మైళ్ళ వేగంతో పోతూ, కాలితో తొక్కకుండా కంట్రోలర్ మీటని మాత్రమే పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు బిగుసుకుని జారేదాకా గెయిన్ పెంచుతూ పోయి, అక్కణ్ణుంచి కొంచెం తగ్గించండి.

అప్పటికీ పట్టకపోతే చక్రం దాకా వెళ్ళాల్సిందే. డ్రమ్ములో చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు రాగానే అది తిరిగే డ్రమ్ముకి అతుక్కుంటుంది. ఆ ఊపుకి దాని చేయి పక్కకి లాగబడి బ్రేక్ షూలని విప్పుతుంది. 10, 12 అంగుళాల బ్రేకుల్లో ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే నాలుగు చక్రాలకీ బ్రేకులుంటే దాదాపు 12. మీటర్ పెడితే 6 దగ్గరే ఆగిందా, సగం బ్రేకులు చచ్చినట్టే. పాత ట్రైలర్లలో నాకు ముందు అనుమానం వచ్చేది తుప్పు పట్టిన గ్రౌండ్ వైరు మీదే.

ఇంకో మాట. ట్రైలర్ ఊడిపోతే దానంతటదే బ్రేకు వేసుకోవడానికి ముందువైపు బ్రేక్‌అవే స్విచ్చూ, దానికో 12 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. పాతవాటిలో ఆ బ్యాటరీని పట్టించుకునే నాథుడుండడు. 7 పిన్నుల ప్లగ్గు తీసేసి, స్విచ్చు పిన్ను లాగి చూడండి. చక్రాలు బిగుసుకోవాలి. చూడగానే పిన్ను మళ్ళీ పెట్టేయండి, లేకపోతే బ్యాటరీ కాస్తా ఖాళీ.

ప్రశ్న: ఫ్రీవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడితే మావారు బ్రేక్ తొక్కేశారు, ఇంకా ఎక్కువైంది. ఏం చేసుండాల్సింది?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, కంట్రోలర్ మీటని మెల్లగా నొక్కాలమ్మా. ట్రైలర్ ఒక్కటే నెమ్మదించి వెనక్కి లాగి పట్టుకుంటుంది, ఊగడం తగ్గుతుంది. సర్జ్ బ్రేకులకి ఈ సౌకర్యం లేదు. అసలు ఊగడానికి కారణం చాలాసార్లు కారుని ట్రైలర్ మీద మరీ వెనక్కి నిలపడమే. మొత్తం బరువులో 10–15 శాతం హిచ్ మీద పడేలా ముందుకి జరపండి.

వేగం కూడా ఒకసారి అడగండి ఆయన్ని. మీ రాష్ట్రంలో ట్రైలర్ లాగే బండికి 55 మైళ్ళే పరిమితి, పక్క లేన్లో టెస్లాలు ఎంత వేగంతో దూసుకుపోతున్నా సరే.