ఒక ఇంగ్లీషు మాట: ఇండిగ్నేషన్

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మేము పీజీకి వచ్చాక నేర్చుకున్న మాట ఇది. 'యాంగర్' అంటే ఏ కోపమైనా కావచ్చు. 'ఇండిగ్నేషన్' అంటే అన్యాయాన్ని చూస్తే కలిగే కోపం, ధర్మాగ్రహం.

లాటిన్‌లో 'డిగ్నస్' అంటే యోగ్యమైనది. 'ఇన్' చేరితే యోగ్యం కానిది. 'డిగ్నిటీ', అంటే ఆత్మగౌరవం, కూడా 'డిగ్నస్' నుంచే పుట్టింది.

కూరలో ఉప్పు తక్కువైతే యాంగర్. పిల్లల బియ్యం పక్కదారి పడితే ఇండిగ్నేషన్.

విశేషణం 'ఇండిగ్నెంట్'. దాని తర్వాత 'ఎట్' వాడతాం: 'వి ఆర్ ఇండిగ్నెంట్ ఎట్ దిస్ ఇన్‌జస్టిస్.'

1927 మార్చి 20న మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ అనుచరులతో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. అది దాహం కోసం కాదు, మనిషిగా సమాన హక్కు కోసం.

కోపం వస్తే అరుస్తాం. ధర్మాగ్రహం కలిగితే నలుగురం కలిసి అర్జీ రాద్దాం.