లండన్ వేసవి కోర్సు: జూనా, ఆగస్టా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదువుతోంది. బ్రిటిష్ రాజకీయాలు, సంస్కృతిపై లండన్‌లో వేసవి కోర్సుకు ఎప్పుడు పంపితే మంచిది?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: జూన్‌లోనే పంపండమ్మా. మామూలుగా జులై నెలాఖరు నుంచి సెప్టెంబరు మొదలయ్యేదాకా పార్లమెంటుకు సెలవులు. సభ నడిచే రోజుల్లో గ్యాలరీలో కూర్చుని చర్చలు ఉచితంగా వినొచ్చు. బుధవారం మధ్యాహ్నం 12కు ప్రధానిని ప్రశ్నించే కార్యక్రమానికి మాత్రం టికెట్లున్న స్థానికులకే ప్రాధాన్యం, మిగిలితేనే చోటు. అయినా క్యూలో నిలబడమనండి. ప్రధానికీ ప్రతిపక్ష నేతకూ మధ్య ఒక బల్లే అడ్డం. ఆ ఎదురెదురు వాదన ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

ఆరు నెలల్లోపు కోర్సుకు విజిటర్ వీసా చాలు, సంస్థకు గుర్తింపు ఉండాలి. క్రెడిట్ల సంగతి ఇక్కడి కాలేజీతో ముందే రాయించుకోండి. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్నాయి, తప్పక చూడమనండి.