పాటను దిద్దవద్దు



సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మనలో ఎవరైనా చేయగల పని ఒకటి ఉంది. అది మన ఊరి పాటలను సేకరించడం.

ఈ దారి చూపిన పెద్దలలో ఒకరు మన ప్రాంతం వారే. ఆచార్య బిరుదురాజు రామరాజు గారు 1925లో నాటి వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాలపై వారు చేసిన పరిశోధన 1958లో పుస్తకంగా వచ్చింది. చదువురాని వారి పాటకు విశ్వవిద్యాలయంలో గౌరవం దక్కింది.

ఇంగ్లండులో సిసిల్ షార్ప్ 1903లో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పాడుతుంటే విని రాసుకున్నాడు. ఆ తర్వాత వేల పాటలు సేకరించాడు. అచ్చువేసేటప్పుడు కొన్ని పాటల్లో మాటలు మార్చారు. కానీ విన్నది విన్నట్టు రాసుకున్న నోటుపుస్తకాలు మిగిలాయి. అందుకే అసలు మాటలు నేటికీ తెలుస్తున్నాయి.

నేను ఆ జాగ్రత్త తీసుకోలేదు. ఇంటర్‌లో ఉండగా మా అవ్వ పాడిన నాటు పాట రాసుకున్నాను. రాస్తూనే యాసను పుస్తక భాషలోకి మార్చాను. అర్థంకాని రెండు మాటలు తీసేశాను. చదివి వినిపిస్తే అవ్వ నవ్వి, "మంచిగనే ఉన్నది బిడ్డా, గని ఇది నా పాట గాదు" అన్నది. అవ్వ పోయి నాలుగేళ్లయింది. ఆ రెండు మాటలు ఏమిటో చెప్పేవారు ఇప్పుడు మా ఇంట్లో లేరు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఆ పాటను పోగొట్టిందీ నేనే.

మీరు ఇలా చేయండి:

1. పాడేవారికి సంగతి చెప్పి, ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి.

2. నాటు పాటను వీలైతే పొలంలోనే వినండి. పని లేకపోతే పాట నడక మారుతుంది.

3. విన్నది విన్నట్టు రాయండి. తెలియని మాట కింద గీత గీసి, తర్వాత అడగండి. అర్థాన్ని పక్కన రాయండి, పాటలో కలపకండి.

4. పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి.

5. రికార్డింగును రెండు చోట్ల దాచండి. ఫోన్ పోతే పాట పోకూడదు.

సందేహాలుంటే తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన వరంగల్‌లోనే ఉంది. అక్కడి అధ్యాపకులను అడగవచ్చు.

బడిలో మన యాస విని నవ్వినవారిని మనం మరచిపోలేదు. మన అవ్వల దగ్గర మనం అలా ఉండవద్దు. ఈ సెలవుల్లో తలా ఒక్క పాట తీసుకురండి. తప్పులు దిద్దకుండా తీసుకురండి.