తిరిగివచ్చు చూపు, తిరిగిరాని చూపు

జూబిలీ హిల్సు, ఫిల్మ్ నగర్ అనగానే మన గ్రామస్థులకు తారల భవనములును, స్టూడియోలును జ్ఞప్తికి వచ్చును. ఆ కొండలను ఆనుకొనియున్న బంజారా హిల్సులో ఒక చలనచిత్ర దర్శకుని పేర గొప్ప నేత్రవైద్యశాల కలదు. ఏలూరు సమీపమున సోమవరప్పాడులో 1908లో జన్మించిన ఎల్.వి. ప్రసాదుగారు ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ వంటి చిత్రములకు దర్శకులు. 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందినవారు. ఆయన కుటుంబము ఇచ్చిన స్థలముతోను, ధనముతోను డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో ఆ సంస్థను నెలకొల్పిరి. కన్నులకు విందు చేయుటయే వృత్తిగా గలవారి ధనము కన్నులను కాపాడుటకు వినియోగపడుట ఎంతయు ఉచితము.

అట్టి వైద్యశాలలు ఎన్ని యున్నను, రోగి వేళకు రానిచో వైద్యుడు చేయగలిగినది స్వల్పము. కంటిజబ్బులలో కొన్నింటివలన పోయిన చూపు తిరిగి వచ్చును; కొన్నింటివలన పోయినది ఎన్నటికిని రాదు. ఈ భేదమును ప్రతి ఇంటివారును ఎరిగియుండవలెను.

తిరిగి వచ్చు చూపులో మొదటిది శుక్లమువలన పోయినది. కంటిపాప వెనుక అద్దమువలె స్వచ్ఛమైన కటకమొకటి యున్నది. వయసు పైబడినకొలది అది మసకబారును. దీనిని కరిగించు చుక్కలమందు గాని, పసరు గాని లేదు, శస్త్రచికిత్సయే మార్గము. మసకబారిన కటకమును తీసి, దాని స్థానమున కృత్రిమ కటకమును అమర్చుదురు. ఇట్టి కటకమును 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు మొట్టమొదట అమర్చెను. రోగి సాధారణముగా ఆనాడే ఇల్లు చేరవచ్చును.

“శుక్లము ముదరనిండు, అప్పుడు చూతము” అను మాటను మేము పల్లెలలో తరచు వినుచున్నాము. కటకమునంతయు తీసివైచి, దళసరి కళ్ళజోడు ఇచ్చు కాలమున ఈ మాటకు కొంత అర్థముండెను. ఇప్పుడు లేదు. నిత్యకృత్యములకు చూపు చాలనప్పుడే వైద్యుని చూడవచ్చును. మిక్కిలి ముదిరిన శుక్లము ఉబ్బి కంటిలో ఒత్తిడిని పెంచును. అప్పుడు భరింపరాని నొప్పి కలిగి, తిరిగి రావలసిన చూపు కూడ శాశ్వతముగా పోవచ్చును.

ఆ ఒత్తిడివలన కలుగు జబ్బే నీటికాసులు. వైద్యులు దీనిని గ్లాకోమా అందురు. కంటినుండి మెదడునకు చూపును చేరవేయు నాడి మెల్లమెల్లగా చెడిపోవును. పెక్కుమందిలో నొప్పి యుండదు, ఎరుపు ఉండదు. ఎదుటనున్నది చక్కగానే కనబడుచుండును. ప్రక్కచూపు మాత్రము చుట్టును క్రమముగా మూసికొనివచ్చును. గట్టుపై నడచువాడు ప్రక్కనున్న గొయ్యిని చూడలేక పడినప్పుడు గాని సంగతి బయటపడదు. నీటికాసులున్నవారిలో అత్యధికులకు ఆ సంగతియే తెలియదని 1996 నుండి 2000 వరకు మన రాష్ట్రమున 10,000 మందికి పైగా ప్రజలను పరీక్షించిన నేత్రవ్యాధుల సర్వేలో తేలినది. పోయినదానిని తిరిగి తెచ్చు చికిత్స లేదు. ఉన్నదానిని నిలుపుటకు చుక్కలమందు కలదు. దానిని ప్రతిదినమును, బ్రతికినంతకాలమును వేసికొనవలెను. సీసా అయిపోయినదని మానరాదు. 40 ఏండ్లు దాటినవారును, ఇంటిలో ఎవరికైన ఈ జబ్బున్నవారును ఒత్తిడిని, నాడిని పరీక్ష చేయించుకొనవలెను.

మధుమేహము గలవారికి కంటి వెనుకనుండు రెటీనా పొరలో రక్తనాళములు చెడును. చూపు తగ్గకమునుపే ఏటికొకసారి పరీక్షించినచో లేసరు చికిత్సతో గాని, సూదిమందుతో గాని చాలవరకు కాపాడవచ్చును.

రైతులకు ముఖ్యమైనది వేరొకటి. కోతలనాడు వరి ఆకు గీచుకొన్నను, నూర్పిడిలో ఊక పడినను నల్లగుడ్డుపై నుండు పారదర్శకమైన పొర, అనగా కార్నియా, గాయపడును. దానిలో బూజు చేరి పుండగును. ఆకుపసరు, ఆముదము, చనుబాలు పోయుట ఇంకను జరుగుచున్నది. మందులకొట్టులో అడిగి తెచ్చుకొను చుక్కలును అంత నమ్మదగినవి కావు; వానిలో స్టెరాయిడు ఉన్నచో బూజు మరింత విజృంభించును. మంచినీటితో కడిగి, నలుపక, ఆనాడే వైద్యుని యొద్దకు వెళ్ళవలెను. గ్రామములలో వెల్డింగు పనివారికి కూడ ఒక మాట. సినిమా తొలినాళ్ళలో ఆర్కు దీపముల ఎదుట నటించినవారి కండ్లు రాత్రి మండి నీరు కారెడివి. అదే కిరణము వెల్డింగు మంటలో నున్నది. తగిన అద్దము లేక దానివంక చూడరాదు.

పుండు మానినను కార్నియాపై తెల్లని పువ్వు మిగులును. అప్పుడు మరణించినవారి కార్నియాను అతికించుట యొక్కటే ఉపాయము. ఇందులకు నేత్రనిధులు కలవు. ప్రసాదు సంస్థలో ఒకటియు, జూబిలీ హిల్సులో నటుడు చిరంజీవిగారు 1998లో స్థాపించిన ట్రస్టుది మరియొకటియు ప్రసిద్ధములు.

పరీక్షకు నగరమునకే పోనక్కరలేదు. ప్రసాదు సంస్థవారి దృష్టి కేంద్రములు రెండు రాష్ట్రముల గ్రామములలోను కలవు. హైదరాబాదులోని సరోజినీదేవి నేత్రవైద్యశాలలోను, విశాఖపట్టణమునందలి ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాలలోను ఉచితముగా చూచెదరు. తెలంగాణమున 2018లోను, 2023లోను జరిగిన ‘కంటి వెలుగు’ శిబిరములలో కళ్ళజోళ్ళు పొందినవారు అవి నేటికిని సరిపోవుచున్నవా యని చూపించుకొనుట మంచిది. చత్వారము ఏండ్లతో పెరుగును.

నేత్రదానము చేయదలచిన కుటుంబమువారు మరణించినవారి రెప్పలు మూసి, తడిదూది యుంచి, పంకా నిలిపివేసి, తల క్రింద దిండు నుంచవలెను. నేత్రనిధివారికి వెంటనే కబురంపవలెను. 6 గంటలలోగా వారు వచ్చి కార్నియాను తీసికొందురు. ముఖము వికృతము కాదు. కళ్ళజోడు పెట్టుకొన్నవారును, శుక్లము ఆపరేషను చేయించుకొన్నవారును కూడ దానము చేయవచ్చును.